ఐదో డబ్బా

గల్ఫ్‌లోని అజ్మాన్‌లో పట్టపగలు శాంతరాజు గొంతు కోశారు. అంతకుముందు మూడు వేళ్లు నరికారు. మూడో వేలికి పాస్‌వర్డ్ చెప్పేశాడు ముసలాయన.

సీక్రెట్ ఏజెంట్ దేవేందర్‌కి చీఫ్ శ్యాంప్రసాద్ కారులోనే బ్రీఫింగ్ ఇచ్చాడు.

"1984లో శాంతరాజు 'పలక' అని ఒక ప్రోగ్రాం రాశాడు. అప్పట్లో మామూలు కంప్యూటర్లలో ఉత్త అక్షరాలే. ఇతను స్క్రీన్ మీద పనికో డబ్బా గీసి మౌస్ పెట్టాడు. మొదట డబ్బా మీద డబ్బా పడేది. మెమరీ చాలలేదు. ఏడాది పని చించేసి, పక్కపక్కనే నాలుగు పెట్టాడు. ఐదోది తెరిస్తే అన్నిటికంటే ముందు తెరిచింది చచ్చిపోతుంది. జనం నవ్వారు. కంపెనీ మునిగింది."

"ఇప్పుడు దాంతో ఏం పని సార్?"

"ఇక్కడే సజ్జాలో ఒక క్లోరిన్ ప్లాంట్ ఇంకా దానిమీదే నడుస్తోంది. ముసలాయన దగ్గర పాస్‌వర్డ్ లాక్కున్న విదేశీ ముఠా ఇవాళ వాల్వులు తెరుస్తుంది. కరెంటు తీసినా తెరుచుకుంటాయి. గోడ అవతల లేబర్ క్యాంపు. మూడు వేల మంది."

ఆ క్యాంపులోనే దేవేందర్ తమ్ముడు హన్మంతు ఉన్నాడు. అన్న ఏసీ మెకానిక్ అనే అనుకుంటాడు వాడు.

"లోపల మన మనిషి ఉంది. లీదియా. నర్సు వేషం. కోడ్ 'చల్లగా ఉందా'. జవాబు 'ఖలాస్'. యల్లా, బయల్దేరు!"

ఆదివారం. క్యాంపుకి సెలవు. దేవేందర్ మెకానిక్ డ్రెస్‌లో ప్లాంట్‌లోకి వెళ్లాడు. కంట్రోల్ రూమ్ గుమ్మంలో గార్డు తుపాకి తీశాడు. దేవేందర్ స్క్రూడ్రైవర్ పిడి నొక్కితే జానెడు కత్తి వచ్చింది. గార్డు మెడలో దించి లాగాడు.

లోపల లీదియా. అందగత్తె. మెడలో గ్యాస్ మాస్కు. స్క్రీన్ మీద టైమర్. నలభై సెకన్లు.

"చల్లగా ఉందా?"

"ఖలాస్ అండీ," అని నవ్వి కాల్చింది. అతని ఎడమ భుజం పగిలింది. కూలబడ్డాడు.

"ఆదివారం చర్చికి పోలేదా లీదియా?"

"మీకోసమే ఆగానండీ. టైమర్‌కి నా పాస్‌వర్డ్ వేశాను. ఇక దేవుడొచ్చినా ఆపలేడు."

మాస్కు మొహం మీదికి లాక్కుంది. ఆ ఒక్క క్షణం చాలింది. కత్తి విసిరాడు. గొంతులో దిగింది. స్క్రీన్ నిండా రక్తం.

మోచేత్తో తుడిచాడు. పన్నెండు.

ఒకటే డబ్బా, టైమర్. ముసలాయన చేసిన తప్పు గుర్తొచ్చింది. గడియారం తెరిచాడు. తొమ్మిది. క్యాలిక్యులేటర్. ఆరు. క్యాలెండర్. నాలుగు. మౌస్ రక్తంలో జారింది. రెండు. నోట్‌బుక్ మీద నొక్కాడు.

ఐదో డబ్బా తెరుచుకుంది. టైమర్ చచ్చింది. వాల్వులు కదల్లేదు.

జేబులో ఫోన్ మోగింది. హన్మంతు.

"అన్నా, మా రూమ్ ఏసీ ఎప్పుడు చేస్తవ్? ఎండకు సచ్చిపోతున్నం ఈడ."

"ఇయ్యాలటికి సావరు గాని, పండుకోరా."

"వారం సంది గట్లనే అంటున్నవ్. నీకసలు పనొస్తదా?"