ఆరు డబ్బాల మంచు

“చచ్చిపోయిన మనిషి ముప్పై ఏళ్లు కాపాడినదాన్ని నువ్వు ఒక్క రోజు కాపాడాలి, ఖాసిం,” అన్నాడు ఫోన్‌లో చీఫ్. “గద్వాల. పత్తి విత్తనాల కోల్డ్ స్టోరేజీ. అంటార్కిటికా ఫిల్ములు, ఆరు డబ్బాలు.”

“అంటార్కిటికా గద్వాలకెట్ల వచ్చింది సార్?”

“వనపర్తి సైంటిస్టు తెచ్చాడు. అక్కడి మంచు ఎంత మందమో రాడార్‌తో తీసిన ఫిల్ములవి. పాతసామాన్లని ఆఫీసువాళ్లు పారేయబోతే తెచ్చుకుని, ఎండలకు పాడవుతాయని విత్తనాల బస్తాల మధ్య దాచాడు. ఇంకో కాపీ లేదు. రేపు స్కానర్ వ్యాన్ వస్తుంది. ఆ తరువాత ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అక్కడ మంచు తగ్గనే లేదని బుకాయిస్తున్న ఒక విదేశీ కంపెనీకి అదే మింగుడుపడటం లేదు. సైంటిస్టును లారీతో గుద్దించింది వాళ్లే. డబ్బాలు ఈ రోజే బయట పెట్టించు, రేపటికి చల్లదనం పోవాలి. మిగతాది మన హుమేరా చూసుకుంటుంది. ధ్రువ పరిశోధనల ఆర్కైవ్‌లో మూడు నెలలు ట్రైనింగ్ అయింది.”

హుమేరా పేరు వినగానే ఖాసిం ముఖం వెలిగింది. గూఢచారి ముఖం వెలగకూడదు, అది వేరే సంగతి. ఊరికో పేరుతో తిరిగే మనిషిని అసలు పేరుతో పిలిచి, అన్నం తిన్నవా అని అడిగేది ఈ లోకంలో ఆమె ఒక్కతే.

రైతులకూ విత్తన కంపెనీలకూ మధ్య తిరిగే సీడ్ ఆర్గనైజర్ వేషంలో గోడౌన్ వరండాలో కూర్చున్నాడు. బయట ముసురు. గేటు దగ్గర గొడుగు కింద మక్కకంకులు కాలుస్తున్న మధు డిపార్ట్‌మెంట్ మనిషే. కంకులు మాత్రం నిజంగానే మాడుస్తున్నాడు.

ఆటో ఆగింది. గద్వాల పట్టుచీరలో హుమేరా దిగింది. అంత ముసురులోనూ నల్ల కళ్లద్దాలు.

“మొలక శాతం ఎంత?” అంది.

“తొంభై. ముసురు పడితే తగ్గుతది.”

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వింది. “తిన్నవా?”

“ఇంకా లేదు.”

“పని కానీ. కలిసి తిందాం.”

ఆ ఒక్క మాటతో ఖాసిం ఇంకో ఏడాది ఒంటరిగా నెట్టుకొచ్చేస్తాడు.

హమాలీలు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లారు. పాలిథీన్ చుట్టి ఉన్నాయి. ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. హుమేరా ఒక కవరు చించింది. క్షణంలో డబ్బాకు చెమట పట్టింది. ఆమె మూత చుట్టూ ఉన్న టేపు లాగసాగింది.

“ఏం జేస్తున్నవ్?”

“లోపల అసలు ఫిల్మో కాదో చూద్దాం. చీఫ్ ఆర్డర్.”

ఖాసిం కుర్చీలోంచి లేచాడు. సొంతూరు మానవపాడులో అతని తండ్రి, కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన విత్తనాల బస్తాను ఆ రోజు ఎవరినీ విప్పనిచ్చేవాడు కాదు. చల్లని గింజకు తడిగాలి తగిలితే నీరు పడుతుంది, బూజు పడుతుంది. ఫిల్మైతే జిగురై అంటుకుపోతుంది. విత్తనాల రైతుకు తెలిసిన ఈ సంగతి, మూడు నెలలు అదే నేర్చుకున్న మనిషికి తెలియదా? బాంబు అక్కర్లేదు. ఈ ముసురులో ఆరు మూతలు తీస్తే చాలు, నేరం వాన మీదికి పోతుంది.

టేపు ఊడింది. మూత కిందికి ఆమె గోరు దూరింది. ఖాసిం అరచెయ్యి మూత మీద బలంగా పడింది.

“నీకు తెల్వదని చెప్పు, హుమేరా,” అన్నాడు మెల్లగా. “తెల్వక చేసిన అను. నమ్ముత.”

అబద్ధమాడటం ఆమె వృత్తి. అతను అడిగింది ఒక్క అబద్ధమే.

ఆమె కళ్లద్దాలు తీసింది. “తెలుసు,” అంది. “కంపెనీవాళ్లు అడిగింది ఈ ఆరు మూతలే. ఎక్కడిదో మంచు, ఖాసిం. మనకెందుకు?”

ఆమె చెయ్యి బ్యాగులోని లిప్‌స్టిక్ మీదికి పోయింది. అందులో మత్తుసూది ఉంటుందని అతనికి తెలుసు. ఆమె పుట్టినరోజుకు దాన్ని చేయించి ఇచ్చింది తనే. ఆమె మణికట్టు పట్టుకుని, వాచీ మీద బటన్ నొక్కాడు. మధు కంకులు వదిలేసి పిస్టల్‌తో పరుగెత్తుకొచ్చాడు. హుమేరా డిపార్ట్‌మెంట్ జీపెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఖాసిం మూతకు టేపు వేసి, మళ్లీ పాలిథీన్ చుట్టి, డబ్బాల పక్కనే కూలబడ్డాడు. గెలిచినందుకు సంతోషం రాలేదు. ఏడుపొచ్చింది.

చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్. రేపటిదాకా తోడుకు ఇంకెవరినైనా పంపనా?”

“వద్దు సార్. ముందు పంపిన తోడే ఇంకా అరగలే. ఇయ్యాలకు ఈ మంచే నయం.”