గీత గీయని నంబరు

గోర్డన్ మెట్‌కాఫ్ సామాన్ల గదిలో బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఒకటే దెబ్బ. పక్కన మూరెడు పొడవు పానా. దాని పిడి మీద ఎల్.హెచ్. అని చెక్కి ఉంది.

స్కెల్డర్‌డేల్ పాత రైల్వేకి మెట్‌కాఫ్ అధ్యక్షుడు. కాలం చెల్లిన డీజిల్ ఇంజన్లను జనం ముచ్చటపడి నడిపించుకునే చిన్న లైను అది. ఆ శనివారం అక్కడ ఉత్సవం.

మధ్యాహ్నం 2.31కి మెట్‌కాఫ్ టికెట్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. 2.48కి టీ పట్టుకెళ్ళిన ఆవిడ శవాన్ని చూసింది. మధ్యలో పదిహేడు నిమిషాలు.

ఇన్‌స్పెక్టర్ హెస్టర్ లమ్ అక్కడికి చేరేసరికి 3.40. అయిదింటికల్లా కేసు తేలిపోయినట్టే ఉంది. పానా మీది అక్షరాలు లెన్ హార్స్‌ఫాల్‌వి. షెడ్డులో మెకానిక్. పొద్దున మెట్‌కాఫ్‌తో అందరి ముందూ గొడవపడ్డాడు. 2.36 తరువాత అతన్ని చూసినవాళ్ళు లేరు.

సూపరింటెండెంట్ ఫోన్‌లో రెండే ముక్కలు చెప్పాడు. ఆరింటికల్లా హార్స్‌ఫాల్ మీద హత్యానేరం నమోదు కావాలి. తరువాత ఆయనకు విందు ఉంది.

హెస్టర్‌కి ఆ తొందర నచ్చలేదు. నచ్చకపోవడానికి ఆమె దగ్గర కారణమూ లేదు.

క్యాంటీన్‌లో లెన్ చల్లారిన టీ ముందు కూర్చుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళు. గోళ్ళ కింద నల్లటి నూనె.

"నన్ను తీసుకెళ్తారా, మేడమ్?"

"ఇంకా తెలీదు."

"తీసుకెళ్తే కాస్త ముందే చెప్పండి. ఇంట్లో కుక్క ఉంది. నేను తప్ప దానికెవరూ లేరు. దానికీ నేను తప్ప ఎవరూ నచ్చరు."

"పొద్దున గొడవ దేనికి?"

"నంబర్లకి."

"ఏ నంబర్లు?"

"మీ సార్జంట్‌తో చెప్పాను. రాసుకోలేదు. 2.10కి ఇంజన్ చచ్చింది. అది మొరాయిస్తుందని నేను పొద్దునే అన్నా. మొరాయిస్తే ఇంకోదానికి దీని నంబరు అంటించు, రెండూ ఒకటే, ఎవరికి తెలుస్తుంది అన్నాడాయన. అది మోసం అన్నా. అంటించు, లేదా ఇంటికి పో అన్నాడు. నా పానా ఆయన బల్ల మీదే మర్చిపోయి వచ్చేశా."

"అంటించావా?"

"అంటించా. చచ్చిన ఇంజన్ని యార్డు చివరికి నెట్టి, ఇంకోదాన్ని రైలుకి తగిలించి 2.36కి పంపించాం. తరువాత సిగ్గేసి ఇంజన్ షెడ్డు వెనకాల కూర్చున్నా. ఒక్కడినే."

సార్జంట్ డఫ్ఫీల్డ్ పుస్తకంలో దీనికి ఒక్క వాక్యమే ఉంది: నంబర్లు అంటించాను అంటూ ఏదో గొణిగాడు.

హెస్టర్ బయటికొచ్చింది. అక్టోబరు ఎండ పలచబడుతోంది. ప్రయాణికులను ఎప్పుడో పంపించేశారు. ప్లాట్‌ఫారం పక్కన ఇంజన్ ఒంటరిగా నిలబడి ఉంది. నీలం రంగు, పసుపు ముఖం. క్యాబిన్ పక్కన తెల్లటి అంకెలు: 26029.

ఆమె యార్డు చివరిదాకా నడిచింది. అక్కడా ఒక ఇంజన్. అదే నీలం, అదే పసుపు.

26029.

ఒకే నంబరుతో రెండు ఇంజన్లు. మధ్యాహ్నం నుంచి పదకొండు మంది పోలీసులు వీటి మధ్య తిరిగారు. ఎవరికీ కనపడలేదు. అవేమీ దాక్కుని లేవు. మనిషి ఒకసారి అంకె చదివాడంటే ఇక చూడటం మానేస్తాడు. ఈ సంగతి హెస్టర్‌కి ఉద్యోగంలో తెలియలేదు. నాన్న దగ్గర తెలిసింది.

లీడ్స్‌లో ఆయన గుమస్తా. ప్రతి ఆదివారం కూతుర్ని ప్లాట్‌ఫారం చివర చలిలో నిలబెట్టి, వచ్చిన ప్రతి ఇంజన్ నంబరూ పుస్తకంలో రాసుకునేవాడు. ఇంట్లో మాట్లాడని మనిషి అక్కడ మాట్లాడేవాడు. అదీ ఇంజన్ల గురించే. "నంబరు ఎవడైనా అంటించొచ్చు. ముందు ముఖం చూడు. చూడు, దీని నుదురు బోడి. కింద తెల్ల బిళ్ళలు. ఇది 26 రకం. అదిగో, దాని నుదుటి మీద అద్దం పెట్టె ఉందే, అది 27 రకం. ఒకే తల్లి పిల్లలు. గొంతు కూడా ఒక్కటే. కళ్ళు మూసుకుంటే నేనూ పోల్చలేను."

ఆమెకి ఆ ఆదివారాలంటే అసహ్యం. ఆయన పోయి ఆరేళ్ళు. ఆ మాటలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

యార్డు చివరి ఇంజన్ నుదురు బోడిగా ఉంది. ఆమె వెనక్కి నడిచి, ప్లాట్‌ఫారం దగ్గరున్నదాని ముఖం చూసింది. కిటికీల పైన, సరిగ్గా మధ్యలో, అద్దం పెట్టె.

లెన్ చెప్పింది నిజం. కానీ దానివల్ల లెన్ బయటపడడు.

మెట్‌కాఫ్ ఆ సామాన్ల గదినే ఆఫీసుగా వాడుకునేవాడు. ఆమె మళ్ళీ అక్కడికి వెళ్ళి అతని బల్ల మీది కాగితాలు తిరగేసింది. పొద్దున తీసిన ఉత్తరం నకలు ఒకటి ఉంది. పాత ఇనుము కొనేవాళ్ళకు రాశాడు. సోమవారం వచ్చి 27ని కోసి తీసుకుపోవచ్చు. పనికొచ్చే భాగాలు 26కి వాడుకుంటాం. రెండూ ఒకే రకం కనుక ఒకటి చాలు.

"27ని చూసుకునేదెవరు?" అని డఫ్ఫీల్డ్‌ని అడిగింది.

"ఆస్పినాల్. విల్‌ఫ్రెడ్ ఆస్పినాల్. పదేళ్ళ క్రితం తుప్పు పట్టిందాన్ని తెచ్చి బాగుచేశాడట. కానీ అతను కాదు మేడమ్. అప్పుడు బెక్ వంతెన మీద ఉన్నాడు. ఇక్కణ్ణించి నడిస్తే ఇరవై నిమిషాలు. 3.10కి మన కానిస్టేబుల్ అక్కడే చూశాడు."

"2.40కి చూసిందెవరు?"

"మనిషిని ఎవరూ చూడలేదు. కానీ అటు వెళ్ళిన ప్రతి రైలూ రాసుకున్నాడు. ఈ రైలు 2.39కి వంతెన దాటింది, నంబరు 26029. సిగ్నల్ మనిషి చెప్పిందీ అదే. నిమిషంతో సహా సరిపోయింది."

"సిగ్నల్ మనిషి ఇంకేమన్నాడు?"

డఫ్ఫీల్డ్ పుస్తకం తిప్పాడు. "రైలు పోతుంటే, తన క్యాబిన్ దగ్గర ఫొటోలు తీసుకుంటున్న కెమెరాల వాళ్ళు వెక్కిరిస్తూ ఈలలేశారట. ఎందుకో ఆయనకి తెలీదు."

హెస్టర్ గడియారం చూసింది. 5.25.

"ఆస్పినాల్ పుస్తకం తీసుకురండి. ఆయన్నీ క్యాంటీన్‌కి రమ్మనండి. లెన్‌ని అక్కడే ఉండనివ్వండి."

ఆస్పినాల్ నెమ్మదిగా వచ్చాడు. అరవై ఆరేళ్ళు, కుడి మోకాలు సహకరించదు. కోటు జేబుకి మూడు కలాలు. లెన్ వైపు చూడకుండా కూర్చున్నాడు.

హెస్టర్ పుస్తకం తెరిచింది. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు రైళ్ళు. ముత్యాల్లాంటి నల్లటి రాత. ప్రతి నంబరు కిందా చిన్న స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత.

నాన్న రాసుకున్న ఇలాంటి పుస్తకాలు నలభై మూడు ఆమె అటక మీద ఉన్నాయి. చదవలేదు, పారెయ్యలేదు.

"ఎంతకాలంగా రాస్తున్నారు?"

"పదకొండో ఏట నుంచి."

"ఎర్ర గీత దేనికి?"

"కంటితో చూసినదానికి."

"విన్నదైతే? ఎవరైనా చెప్పినదైతే?"

"రాసుకోవచ్చు. గీత ఉండదు. నంబర్లు రాసుకునేవాళ్ళం అందరం అంతే."

"మధ్యాహ్నం 2.39కి వంతెన మీద ఉన్నారా?"

"ఉన్నాను."

"ఏం వెళ్ళింది?"

"రాశానుగా. 26029."

"చూశారా?"

"చూశాను."

హెస్టర్ పుస్తకాన్ని అతని వైపు తిప్పింది. పదో వరుస మీద వేలు పెట్టింది. 2.39. 26029. కింద కాగితం ఖాళీగా ఉంది. పైన తొమ్మిదింటికీ గీతలు. కింద రెండింటికీ గీతలు.

"మర్చిపోయి ఉంటాను," అన్నాడు ఆస్పినాల్.

"అయితే ఇప్పుడు గీయండి."

ఆమె అతని జేబులోని ఎర్ర కలం తీసి మూత విప్పి ఇచ్చింది. స్కేలు పక్కన పెట్టింది. అతను కలం పట్టుకున్నాడు. కాగితానికి బియ్యపుగింజంత ఎత్తులో అది ఆగింది. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది.

హెస్టర్ ఆ చేతినే చూస్తోంది. పోలీసులతో అబద్ధమాడింది ఈ మనిషే. మనిషిని కొట్టి, పానా అక్కడే పడేసి, నేరం లెన్ మీదికి పోనిచ్చింది ఈ చెయ్యే. అది వేలెడు పొడవు గీత గీయలేకపోతోంది. ఆమెకి నాన్న గుర్తొచ్చాడు. కూతురికి జ్వరమని అబద్ధం చెప్పి ఆఫీసు మానేసి రైళ్ళు చూసొచ్చి, సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని నిజమైన గీతలు గీసుకున్న నాన్న.

అరనిమిషం గడిచింది. ఆస్పినాల్ కలం కింద పెట్టేశాడు.

"మీరు రైలుని విన్నారు," అంది హెస్టర్ మెల్లగా. "సామాన్ల గదిలోంచి. 2.36కి అది ప్లాట్‌ఫారం వదిలింది. ఇక్కణ్ణించి వంతెనకి మూడు నిమిషాలని మీకు ఎప్పట్నించో తెలుసు. ఏ రైలుకి ఏ ఇంజనో ఉత్సవం కార్యక్రమం కాగితంలో నంబరుతో సహా ఉంది. పైగా చెవికి తేడా తెలీదు. కానీ వంతెన మీద ఉండుంటే ముందు నుదురు చూసేవారు. కెమెరాల వాళ్ళలాగే మీరూ ఈలేసేవారు."

అతని ముఖంలో మొదటిసారి కదలిక వచ్చింది. "నుదురా?"

"26 రెండు గంటల పదికే చచ్చింది, విల్ఫ్," అన్నాడు లెన్. అతని గొంతులో కోపం లేదు. "దాని నంబరు అంటించి నీదాన్నే పంపించా."

ఆస్పినాల్ అతని వైపు తిరిగాడు.

తరువాత చెప్పింది కొంచెమే. హెస్టర్ అడ్డుపడలేదు. సోమవారం కోసేస్తారని విని బతిమాలడానికి వెళ్ళాడు. మెట్‌కాఫ్ కాగితాల్లోంచి తలెత్తలేదు. పానా బల్ల మీద ఉంది, ఎవరిదో కూడా చూడలేదు.

"రెండూ ఒకటే కదయ్యా, ఎవరికి తెలుస్తుంది అన్నాడు," అని ఆస్పినాల్ అన్నాడు. "నాకు తెలుసు అన్నాను. నవ్వాడు."

"లెన్‌ని ఇరికించాలనుకున్నారా?"

"లేదు. కానీ మీవాళ్ళు వాడి పేరు చెప్పినప్పుడు కాదని అనలేదు." అతను లెన్ చేతులకేసి చూశాడు. "నాదాన్ని బయటికి తీశావా? కొండ ఎక్కిందా?"

"ఎక్కింది. ఏడు పెట్టెలతో. ఒక్క కుదుపు లేదు."

"పదేళ్ళు," అన్నాడు ఆస్పినాల్. "మొదటిసారి రైలు లాగింది. నేను చూడలేదు."

5.48కి హెస్టర్ సూపరింటెండెంట్‌కి ఫోన్ చేసి పేరు మార్చింది. ఆయన కారణం అడిగాడు. రిపోర్టులో రాస్తానంది.

"నువ్విక ఇంటికి వెళ్ళు, లెన్. కుక్క ఎదురుచూస్తుంటుంది."

లెన్ తలూపాడు గానీ వెంటనే లేవలేదు. చల్లారిన టీని అలాగే తాగేశాడు.

కారు దగ్గరికి వెళ్ళాలంటే ప్లాట్‌ఫారం మీంచే దారి. డఫ్ఫీల్డ్ ఆస్పినాల్ మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. ఇంజన్ ముందుకి రాగానే అతను ఆగాడు. నంబరు వైపు చూడలేదు. తలెత్తి నుదురు చూశాడు. చేయి దానంతటదే పుస్తకం పెట్టుకునే జేబులోకి వెళ్ళింది. జేబు ఖాళీ. పుస్తకం సాక్ష్యంగా హెస్టర్ చేతిలోని సంచీలో ఉంది.

అతను సంచీ వైపు చూశాడు. అడగలేదు. ఆమె ఇవ్వలేదు.

"5.52," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

డఫ్ఫీల్డ్ అతన్ని కారులో ఎక్కించాడు.

హెస్టర్ అక్కడే నిలబడింది. కాసేపటికి తన కేసు పుస్తకం తీసి కొత్త పేజీ తెరిచింది. 5.52 అని రాసింది. పక్కన 27 అని రాసింది. కలం నల్లదే ఉంది. దాంతోనే కింద గీత గీసింది.