గుత్తదారు ఇచ్చిన పెట్టె

రామచంద్రరావు మరణాన్ని పోలీసులు రోడ్డు ప్రమాదంగా రాసుకున్నారు. చాట్రాయి రోడ్డులో, పట్టపగలు, సొంత మామిడితోట గేటు ముందే ఆయన్ని ఒక లారీ ఢీకొట్టింది. లారీకి నంబరు ప్లేటు లేదు. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తూ లేదు.

నలభై మూడు రోజుల తర్వాత, ఉంగుటూరులో మూతపడిన ఒక రైస్ మిల్లులో చీఫ్ నారాయణరావు ఈ సంగతులు ఏజెంట్ ప్రసన్నకు చెప్పాడు. అవి ఆమెకు ముందే తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరేళ్లు ఆమెకు పని నేర్పింది రామచంద్రరావే. ఆయన అంత్యక్రియలకు వెళ్లడానికి డిపార్ట్‌మెంట్ ఆమెకు అనుమతి ఇవ్వలేదు.

“హత్యే. కారణం ఆయన ఇంట్లోనే ఉంది,” అన్నాడు నారాయణరావు.

విదేశాల్లో మనకు సమాచారం అందించే ఏడుగురిని ముప్పై ఏళ్లు నడిపించినవాడు రామచంద్రరావు. వాళ్ల పేర్లు ఏ ఫైల్లోనూ లేవు. ఫోన్ వచ్చినప్పుడు గొంతును బట్టే మనిషిని గుర్తుపట్టాలి. ఆ ఏడు గొంతులనూ ఆయన రికార్డు చేసి, డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పకుండా, ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించిన నాలుగు హార్డ్ డిస్కుల స్టోరేజ్ పెట్టెలో దాచుకున్నాడు. ఈ సంగతి ఒక విదేశీ ముఠాకు తెలిసిపోయింది. గొంతులు వాళ్లకు దొరికితే ఆ ఏడుగురూ వారం రోజులు బతకరు.

తోటలోని సీసీ కెమెరాల రికార్డింగులు కూడా ఆ పెట్టెలోకే వెళతాయి. డిస్కులు నిండిపోయాయి. నలభై అయిదు రోజులు దాటిన దృశ్యాలు వాటంతటవే చెరిగిపోతాయి. చెట్ల మధ్య నడుస్తున్న భర్త ఎల్లుండికి చెరిగిపోతాడని ఆయన భార్య వెంకాయమ్మ కంగారుపడింది. అప్పుడే, తోట కాపును గుత్తకు తీసుకున్న ఉదయ్ కిరణ్ అనే ఎగుమతిదారు ఒక పరిష్కారం తెచ్చాడు. అయిదు డిస్కులు పట్టే ఎక్స్‌పాన్షన్ ఎన్‌క్లోజర్. పాత పెట్టె పక్కన పెట్టి కేబుల్ తగిలిస్తే స్టోరేజ్ రెట్టింపు అవుతుంది. నిన్న తన మనిషిని పంపి బిగించి కూడా ఇచ్చాడు.

“ఈ ఉదయం వెంకాయమ్మగారు మనకు ఫోన్ చేశారు,” అన్నాడు నారాయణరావు. “ఉదయ్ కిరణ్ మనుషులు కాయను కాడ ముచ్చిక లేకుండా తెంపుతున్నారట. సొన కారి కాయంతా మచ్చలు పడుతోందట. ఎగుమతి చేసేవాడెవడూ అలా కోయించడని ఆవిడ అన్నారు. గొంతుల సంగతి కూడా అప్పుడే చెప్పారు.”

“లోపల మనవాళ్లు?”

“మనోజ్ఞ. అతని దగ్గర క్వాలిటీ ఆఫీసర్. రెండేళ్లుగా వాళ్లలో ఉంటూ మనకు పనిచేస్తోంది. చెరుకు రసాలు కాశాయా అని అడుగు. పూతలోనే రాలాయి అంటుంది.”

మధ్యాహ్నం రెండున్నరకు ప్రసన్న నూజివీడు నుంచి ఆటోలో తోట దగ్గర దిగింది. వేషం, కంప్యూటర్ షాపు టెక్నీషియన్. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ పిడిలో ఆర్ఎఫ్ డిటెక్టర్ ఉంది. దగ్గర్లో ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుంటే ఆ పిడి వణుకుతుంది. కూలీల వేషంలో నారాయణరావు మనుషులు నలుగురు అప్పటికే కాయల లారీ దగ్గర ట్రేలు ఎత్తుతున్నారు.

గేటు దగ్గర ఉదయ్ కిరణ్ ఆమెను ఆపాడు. బ్యాగు తిరగేయించాడు. పెట్టె బీప్ కొడుతోందని వెంకాయమ్మే షాపుకు ఫోన్ చేసిందని ప్రసన్న చెబితే, ఆడవాళ్లను పంపే షాపు అదెక్కడిదని అడిగాడు.

“మగవాళ్లు బిగించినవి సరిచేయడానికి మమ్మల్నే పంపుతారండీ,” అంది ప్రసన్న.

అతను నవ్వలేదు. దారి మాత్రం ఇచ్చాడు.

వరండాలో మనోజ్ఞ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. తెల్లటి సిల్కు కుర్తా, నల్ల కళ్లద్దాలు, ఎర్రటి గోళ్లు. ఆ ఎండలో చెమట పట్టని మనిషి ఆ తోటలో ఆమె ఒక్కతే. కోడ్ మాటకు సరైన జవాబే ఇచ్చింది. గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. ఎన్‌క్లోజర్ గొంతుల ఆర్కైవ్‌ను బయటికి పంపుతోంది. మూడూ ఇరవైకి పూర్తవుతుంది. ఆర్కైవ్ అంతా ఒకటే ఫైలు, చివరి ముక్క చేరితే గానీ అవతలివాళ్లకు తెరుచుకోదు. కాబట్టి ఇంటర్నెట్ రౌటర్ వైరు పీకేస్తే చాలు.

ప్రసన్న లోపలికి వెళ్లింది. వెంకాయమ్మ పెట్టెలున్న గదిలోనే, భర్త బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పరామర్శకు అది సమయం కాదు.

ప్రసన్న రౌటర్ వైరు పీకింది. తన ల్యాప్‌టాప్‌ను పెట్టెకు తగిలించి చూసింది. తొంభై మూడు శాతం. తొంభై నాలుగు. ఎన్‌క్లోజర్ మీద పచ్చ లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. స్క్రూడ్రైవర్‌ను దాని దగ్గరికి తెచ్చింది. పిడి వణికింది. సిమ్ కార్డు ఆ కొత్త పెట్టె లోపలే ఉంది. రౌటర్‌తో దానికి పని లేదు.

ఆ సంగతి మనోజ్ఞకు తెలియకుండా ఉండదు.

“వైరు పీకాక కూడా నడుస్తోందా? అయ్యో పాపం,” అంది మనోజ్ఞ గుమ్మంలోంచి. ఆమె చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది. “చేతులు ల్యాప్‌టాప్ మీద నుంచి తియ్యి.”

“రెండేళ్ల జీతం తీసుకున్నావు,” అంది ప్రసన్న.

“రెండు చోట్లా తీసుకున్నాను. వాళ్లది ఒకటో తేదీకి పడుతుంది.”

తొంభై ఆరు. పెట్టెను పద్ధతిగా ఆపాలంటే పాస్‌వర్డ్ కావాలి. దాన్ని నిన్ననే మార్చేశారు. మిగిలింది రెండు పెట్టెలనూ కలిపే కేబుల్. దాన్ని లాగితే పంపడం ఆగిపోతుంది. కానీ కొత్త డిస్కులను పాతవాటితో కలిపి ఒకే పూల్‌గా చేసేశారు. ఇప్పుడు ప్రతి ఫైలూ సగం ఇక్కడ, సగం అక్కడ ఉంది. కేబుల్ ఊడితే పూల్ మొత్తం కూలిపోతుంది. ఇక దేన్నీ వెనక్కి తీసుకోలేరు.

ఈ మాట వెంకాయమ్మకు చెప్పకుండా ఉండడం ప్రసన్నకు చేతకాలేదు.

“ఆ కేబుల్ లాగాలి అమ్మగారూ. లాగితే సార్ రికార్డింగులన్నీ పోతాయి.”

“విన్నారుగా ఆంటీ? ఆయన్ని మళ్లీ చంపడానికి వచ్చింది ఈవిడ,” అంది మనోజ్ఞ. పిస్టల్ ప్రసన్న నుదుటి మీద నుంచి కదల్లేదు. “లారీ తోలినవాడైనా ఒక్కసారే చంపాడు.”

వెంకాయమ్మ తల ఎత్తింది. ప్రమాదం కాదు, చంపారని ఇంతవరకూ ఆవిడతో ఎవరూ అనలేదు.

తొంభై ఎనిమిది. మనోజ్ఞ కళ్లు టెక్నీషియన్ చేతుల మీదే ఉన్నాయి. స్టూలు మీద కూర్చున్న ముసలావిడను ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

“దాంట్లో ఆయన నడుస్తున్నారు, అంతే,” అంది వెంకాయమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు. “ఆ ఏడుగురూ ఊపిరి పీలుస్తున్నారు.”

బల్ల వెనక్కి చెయ్యి పెట్టి కేబుల్ లాగేసింది.

పచ్చ లైటు ఎర్రబడింది. స్క్రీన్ మీద తొంభై తొమ్మిది దగ్గర అంకె నిలిచిపోయింది. మనోజ్ఞ పిస్టల్ ముసలావిడ వైపు తిరిగిన ఆ అర సెకను ప్రసన్నకు సరిపోయింది. ల్యాప్‌టాప్ అంచుతో ఆమె మణికట్టు మీద కొట్టింది. తూటా గోడలో దిగింది, పిస్టల్ ప్రసన్న చేతికి వచ్చింది. బయట లారీ దగ్గర ఉదయ్ కిరణ్ ఇంజను స్టార్ట్ చేయించేలోపే కూలీలు నలుగురూ ట్రేలు దించి అతని మీద పడ్డారు.

వెంకాయమ్మ ఎర్ర లైటు వైపు చాలాసేపు చూసింది. తర్వాత లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. ప్రసన్న గ్లాసు అందుకుని, ఆరోజు రాలేకపోయానని అంది. తెలుసమ్మా అంది వెంకాయమ్మ.

సాయంత్రం నారాయణరావు ఫోన్‌లో కోపంగా ఉన్నాడు. ముఠా దొరికింది సరే, ఏడు గొంతులూ పోయాయి. రేపు ఎవరైనా ఫోన్ చేస్తే అసలు మనిషో నకిలీ మనిషో ఎలా తేల్చాలి? బ్యాకప్ లేకుండా పూల్‌ను ఎలా కూలనిచ్చావు?

“బ్యాకప్ ఉంది సార్. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో ఫోన్ ముందు ఎత్తింది వెంకాయమ్మగారే. ఏడు గొంతులూ ఆవిడకు తెలుసు. ఎవరికి దగ్గు ఉందో, ఎవరు అబద్ధం చెప్పేముందు ఆగుతారో కూడా చెప్పారు.”



“అయితే ఆవిడను జాగ్రత్తగా చూసుకోవాలి. ఏం కావాలో అడుగు,” అన్నాడు నారాయణరావు.

“అడిగాను సార్. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు మీ బల్ల మీద నలభై రోజులుగా ఉన్నాయట.”