మోడు మీద రెండో ఆకు

ఊరు దాటాక అడవిలోకి వెళ్ళే బాట రెండో మలుపు దగ్గర పల్లానికి దిగితే ఒక గుంట ఉంటుంది. గుంట మధ్యలో ఒక మోడు. ఆ చోటికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక ఆ మోడు ఆకు తొడుగుతుందని చెప్పుకుంటారు. ఒకటే ఆకు... ఎర్రది. అడవంతా ఆకులు రాల్చేసుకుని కూర్చున్న రోజుల్లో, ఎప్పుడో వేరుతో సహా ఎండిపోయిన ఆ చెట్టు మాత్రం ఒక్క ఆకు తగిలించుకుని నిలబడుతుందట.

కట్టెలు ఏరుకునేవాళ్ళు నాలుగు దాటితే అటు పోరు. రోజూ కుక్కని తిప్పే కాంపౌండరు మొదటి మలుపు దగ్గరే వెనక్కి తిరుగుతాడు. కుక్క రానంటోందని చెబుతాడు గానీ, రానన్నది కుక్కో ఆయనో మనకి తెలీదు.

ఇది పళ్ళ డాక్టరుకి జరిగింది. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఎక్కడైనా ఉప్పూకారం ఎక్కువైతే ఆ పుణ్యం నాకు చెప్పినవాళ్ళది.

డాక్టరు మంచివాడే. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు కెమెరా. ఊళ్ళో ప్రకృతి ఫొటోగ్రాఫర్ల సంఘం ఉంది — పద్నాలుగు మంది సభ్యులు, పద్నాలుగు టోపీలు, ఒంటి నిండా జేబులున్న చొక్కాలు. సంఘానికి ఒకటే నియమం. ప్రకృతిని ఉన్నదున్నట్టు తియ్యాలి, అడవిలో ఆకు కూడా కదపకూడదు. నియమం మహా గట్టిది. అందుకే పోస్టుమాస్టరు పుట్టగొడుగుల్ని ఇంటి దగ్గరే టిఫిన్ డబ్బాలో సర్దుకుని తీసుకెళ్ళేవాడు. మందుల షాపాయన సంచిలో నీళ్ళ స్ప్రే సీసా ఉండేది. ఆయన ఫొటోల్లో మిట్టమధ్యాహ్నం కూడా ఆకుల మీద మంచు బిందువులు మెరిసేవి.

సంఘానికి అధ్యక్షులు రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఏటా చలి ముదిరే ముందు జరిగే ప్రదర్శనలో మొదటి బహుమతి ఆయనదే. ఫొటో కూడా ఒకటే — ఆ గుంట, ఆ మోడు, తెల్లవారుజాము మంచు, కొమ్మకి ఒక్క ఎర్రటి ఆకు. పేరు మాత్రం మారేది. ఒక ఏడు 'ఆశ', ఒక ఏడు 'నిరీక్షణ', మరో ఏడు 'ఇంకా ఆశ'.

రెండో బహుమతి ఎనిమిదేళ్ళుగా పళ్ళ డాక్టరుది.

"చీకటి పడితే నేను కూడా అటు పోను నాయనా," అనేవారు మాస్టారు, టీ చప్పరిస్తూ. "తెల్లారాక వెళ్తాను. అప్పటికే ఆకు ఉంటుంది. ఎవరు పెడతారో..." అక్కడ గొంతు తగ్గించి ఆపేసేవారు. పద్నాలుగు టోపీలూ ఒకసారి వణికేవి.

డాక్టరు భార్య బట్టలు కుడుతుంది. వీధిలో పెళ్ళికూతుళ్ళ రవికలన్నీ ఆమె మిషను మీద నుంచి వెళ్ళాల్సిందే. ఈ ఏడు ప్రదర్శన దగ్గరపడుతుండగా ఆవిడ ఒక మాట తేల్చి చెప్పేసింది.

"ఎనిమిదేళ్ళ ఆదివారాలు అడవికి ధారపోశాం. ఈసారి కూడా రెండోదే వస్తే కెమెరా అటకెక్కాలి. ఆదివారాలు నావి."

"మొదటిది వస్తే?"

"రానివ్వండి, చూద్దాం," అంది, తల ఎత్తకుండా.

ఆ తల ఎత్తకపోవడమే ఆయన్ని పొడిచింది. రోగుల పళ్ళు చూస్తున్నా అదే గుర్తొచ్చేది. అడవి లేకపోతే తనకి వారం మొత్తంలో మిగిలేది ఇతరుల నోళ్ళేనని తల్చుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది. ఇక లాభం లేదనుకున్నాడు. దెయ్యమో భూతమో, ఆ మోడు ఆకు తొడిగే ఘడియలోనే దాన్ని పట్టాలి.

ప్రదర్శన నాలుగు రోజులుందనగా, సాయంత్రం ఐదింటికి గుంటలోకి దిగాడు.

మోడు బోడిగా ఉంది. రెండుసార్లు చుట్టూ తిరిగి చూశాడు — ఒక్క ఆకు లేదు. కెమెరాని స్టాండు మీద నిలబెట్టి, పొద వెనక దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఆకురాలు కాలం చివర పొద్దు ఎంతసేపు? చూస్తుండగానే చీకటి కమ్మింది. గుంటలోకి పొగమంచు దిగింది.

ఆరయింది... ఆరున్నరయింది...

ఎండుటాకుల మీద అడుగు పడింది.

ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు... ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు.

డాక్టరు ఒళ్ళు చల్లబడింది. రోగులకి రోజూ తను చెప్పే మాటే తనకి చెప్పుకున్నాడు — భయపడకండి, ఏం కాదు, గట్టిగా ఊపిరి పీల్చండి. రోగులు ఎందుకు నమ్మరో ఆయనకి ఆ క్షణంలో అర్థమైంది.

మంచులో ఒక వెలుగు. చిన్నది, గుడ్డిది. అది మోడు దగ్గరికి వచ్చింది... పైకి లేచింది. మనిషెత్తు దాటింది. ఇంకా పైకి పోతోంది. నేలకి పది అడుగుల పైన ఒక తెల్లటి తల, గాల్లో ఊగుతూ... కర్రు, కర్రుమని చప్పుడు...

డాక్టరుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

కింద నుంచి ఆడ గొంతు, గుసగుసగా —

"ఇంకాస్త ఎడమకండీ... అబ్బా, మీ ఎడమ కాదు, నా ఎడమ."

ఆ విసుగు దెయ్యాలది కాదు. అది నలభై ఏళ్ళ కాపురంలో తప్ప రాదు.

డాక్టరు దుప్పటి తీసి లేచాడు. "మాస్టారూ..."

నిచ్చెన ఊగిపోయింది. పైన ఉన్న మాస్టారు మోడుని రెండు చేతులా కరుచుకున్నారు. నోట్లో టార్చి, మెడలో దారపు ఉండ. కింద నిచ్చెన పట్టుకున్న ఆయన భార్య, "రామ రామ," అని కళ్ళు మూసుకుంది.

"నేనేనండీ పిన్నిగారూ, పళ్ళ డాక్టర్ని."

మాస్టారు టార్చి చేతిలోకి తీసుకున్నారు. కొమ్మకి ఎర్రటి ఆకు వేలాడుతోంది, సన్నటి దారంతో.

"ఆకు కదపకూడదనే కదా మనం రాసుకున్నది," అన్నారు మాస్టారు, నిచ్చెన మీద నుంచే. "నేను కదపలేదు నాయనా. కట్టాను."

"ఏడాదికోసారి ఈయన నన్ను బయటికి తీసుకొచ్చేది దీనికేనయ్యా," అంది పిన్నిగారు. "ఇదీ లేకుండా చెయ్యకు."

న్యాయంగా అయితే సంఘంలో చెప్పెయ్యాలి. డాక్టరుకి ఆ మాట తెలుసు. పిన్నిగారిని చూస్తే జాలేసిన మాటా నిజమే. కానీ కళ్ళ ముందు ఆదివారాలు కనబడుతున్నాయి, యాభై రెండూ వరసగా.

"ఈ ఏడు ఈ ఆకు నాకివ్వండి మాస్టారూ," అన్నాడు మెల్లగా. "నేనేం చూడలేదు."

మాస్టారు ఒక్కో మెట్టూ దిగి కింద నిలబడ్డారు. "సరే. ఈసారికి నేను పిట్టతో సరిపెట్టుకుంటాను," అన్నారు. ఏ పిట్టో, ఎవరింట్లోదో డాక్టరు అడగలేదు.

వాళ్ళు నిచ్చెన మోసుకుంటూ వెళ్ళిపోయారు. వెలుగు మలుపు తిరిగింది. డాక్టరు ఒక్కడే మిగిలాడు.

తెల్లారేదాకా ఆగే ఓపిక లేదు. మబ్బు చాటు నుంచి సగం చంద్రుడు వచ్చాడు, ఆ వెలుతురు చాలనుకున్నాడు. కెమెరా షట్టరు ఐదు నిమిషాలు తెరిచి ఉంచి, గడియారం వంకే చూస్తూ నిలబడ్డాడు. గుంటలో గాలి లేదు. అయినా మెడ వెనక చల్లగా ఏదో తగిలింది. తనతో పాటు ఇంకెవరో కూడా ఆ ఐదు నిమిషాలూ లెక్కపెడుతున్నట్టనిపించింది. ఇందాకటి భయం ఇంకా దిగలేదులే అనుకుని, సామాన్లు సర్దుకుని చకచకా ఇంటికొచ్చాడు.

ఇంట్లో కంప్యూటర్లో చూస్తే ఫొటో అదిరింది. నీలం మంచులో మోడు, కొమ్మకి ఎర్రటి ఆకు, దాని కింది కొమ్మకి ఇంకో ఆకు. మాస్టారు రెండు కట్టారన్న మాట. పెద్దాయన చెయ్యి ధారాళం అనుకుని పొంగిపోయాడు.

ప్రదర్శన రోజు ఆ ఫొటోని తలుపంత అచ్చు వేయించి గోడకి పెట్టారు. పొరుగూరి నుంచి వచ్చిన న్యాయనిర్ణేత ముక్కు ఆనించి మరీ చూసి వెళ్ళాడు. మొదటి బహుమతి మాస్టారి పిట్టకొచ్చింది. డాక్టరుకి రెండోది. ఫొటో పక్కన చీటీ అంటించారు —

'పై ఆకు అద్భుతం, పరమ సహజం. కింది ఆకు మాత్రం ఎవరో చేత్తో పెట్టినట్టుంది. ఒక మార్కు తగ్గించాను.'

డాక్టరుకి తల తిరిగింది. మాస్టారిని పక్కకి లాగాడు. "రెండోది ఎందుకు కట్టారు? దానివల్లే కదా పోయింది."

"ఒక్కటే కట్టాను నాయనా," అన్నారు మాస్టారు గుసగుసగా. "నేను తెచ్చిందే ఒక్కటి. రెండోది నువ్వే తగిలించావనుకున్నాను, ఆశ ఎక్కువై."

వెనక్కి తిరిగితే భార్య ఫొటో ముందు నిలబడి ఉంది. "సరే, ఆదివారాలు నావి," అని అనబోయి, సగంలో ఆగింది. కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగింది. దారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆవిడ కంటికి చెప్పక్కర్లేదు.

"పైదానికి దారం ఉంది. గోధుమ రంగు... ముడి బాగానే వేశారు."

"కిందిది?"

"కిందిదానికి దారం లేదు." ఆవిడ గొంతు తగ్గింది. "ఏమండీ... ఇటు రండి. ఈ తొడిమెని పట్టుకున్నవి వేళ్ళు కాదూ?"

డాక్టరు చూశాడు.

ఐదు నిమిషాల ఫొటోలో కదిలేది ఏదీ సరిగ్గా పడదు. మనిషైనా సరే, చెయ్యి ఒక్క రవ్వ వణికితే పొగలా చెదిరిపోతుంది. ఆ రెండు వేళ్ళూ శుభ్రంగా పడ్డాయి, గోళ్ళతో సహా.