కాలు మడిచి కూర్చునే ఆయన

"ఈ కుర్చీ విరుగుతుంది."

నా స్క్రీన్ మీదున్న కుర్చీని చూసి ఆమె అన్న మొదటి మాట అది. పలకరింపు లేదు, పాడూ లేదు.

"కంప్యూటర్‌లో కుర్చీ ఎలా విరుగుతుందండీ?" అన్నాను, కాస్త ఎకసెక్కంగానే.

"కాలికి చెక్క చార అడ్డంగా వేశారు. అలా కోసిన కాలు బరువు పడగానే పుటుక్కుమంటుంది. పైగా నాలుగు కాళ్ళకీ ఒకే చోట ఒకే కొమ్మ ముడి ఉంది. ఏ చెట్టుకైనా అలా వస్తుందా?"

ఫర్నిచర్ షాపులకి కంప్యూటర్‌లో బొమ్మలు చేసిపెట్టడం నా పని. కుర్చీ తయారవకముందే అయినట్టు చూపిస్తాను. చెక్క ఫొటో ఒకటి తీసి కుర్చీకి చుట్టేసేవాణ్ణి, ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు షాపువాళ్ళు సరిచూడమని పంపితే వచ్చింది ఈమె. వడ్రంగం షెడ్డు నడిపే మేస్త్రిగారి కూతురు. తనూ రంపం పట్టే మనిషే, అందరూ చిన్న మేస్త్రి అంటారు.

నాకు ఒళ్ళు మండింది. ఆమె వెళ్ళాక బొమ్మని దగ్గరకు లాగి చూస్తే నిజంగానే నాలుగు కాళ్ళకీ ఒకే ముడి. తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత మూడు నెలలు నా ప్రతి కుర్చీనీ చూడ్డానికి ఆమే వచ్చేది. భుజం వెనక నిలబడి తప్పులు పట్టేది. మీరు కాస్తా నువ్వు అయింది. ఎప్పుడయిందో నాకు గుర్తులేదు.

ఒకరోజు ఫోన్ చేసింది. "ఒక కుర్చీ గీయాలి. షాపుకి కాదు, నాకు. షెడ్డుకి రా."

షెడ్డులో గోడకి ఆనించి ఒకే ఒక పలక ఉంది. నా అంత ఎత్తు, బెత్తెడు మందం.

"ఇరవై ఏళ్ళుగా ఆరుతోందయ్యా ఇది," అన్నారు మేస్త్రిగారు దాన్ని తడుముతూ. "మా అమ్మాయి తన ఇంట్లో వేసుకునే మొదటి కుర్చీకని దాచాను. ఇలాంటిది మళ్ళీ దొరకదు. ఒకసారి కోస్తే అంతే."

అందుకే నేను కావలసివచ్చాను. పలకని అన్నివైపులా ఫొటోలు తీసి, చివర్లలో కనబడే వలయాల్ని బట్టి లోపల చార ఎలా పోతుందో లెక్కగట్టి, ఆ పలకనే కంప్యూటర్‌లో నిలబెట్టాలి. ఎక్కడ కోస్తే ఏ చార ఎటు వస్తుందో రంపం పెట్టకముందే తెలియాలి.

"కొలతలు చెప్పు," అన్నాను.

"సీటు మామూలు కన్నా నాలుగంగుళాలు వెడల్పు. ఆయనకి ఒక కాలు మడిచి కూర్చునే అలవాటు."

'ఆయనకి' అంది. నా గుండెల్లో రాయి పడింది. ఎందుకు పడిందో నాకే అర్థం కాలేదు.

"ఎడమవైపు చెయ్యి ఆన్చుకునే పట్టె జానెడు వెడల్పుండాలి. టీ కప్పు అక్కడ పెట్టి మర్చిపోతాడు."

"అలా కాలు మడిస్తే నడుం పడిపోతుందని చెప్పు ఆయనకి," అన్నాను, నా నడుం నొక్కుకుంటూ.

"చెబితే వినే రకం కాదు," అని నవ్వింది.

అక్కడి నుంచీ నా పరిస్థితి అగమ్యగోచరం. మెసేజ్ పెడితే సరిపోయే సంగతికి వానలో తడుస్తూ వచ్చేది. నాకు జ్వరమొస్తే పూటపూటా ఫోన్ చేసింది. ఇదంతా చేసి, చివర్లో "ఆయనకి నచ్చుతుందంటావా?" అనేది. ఆయన్నే అడగొచ్చుగా. పెళ్ళి కుదిరిందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. అవుననేస్తుందేమోనని భయం.

"కుర్చీని చూసి కుళ్ళుకునేవాణ్ణి నిన్నే చూశాన్రా," అంది మా అక్క.

పలకలో ఒక మూల బొటనవేలంత నల్లటి ముడి ఉంది. దాన్ని తీసేసే ముక్కల్లోకి వదిలేయాలి. నేను బొమ్మలో కోతలు జరిపి దాన్ని తెచ్చి వీపు పలక మధ్యలో పెట్టాను, సరిగ్గా ఆయనకి గుచ్చుకునే చోట. కుళ్ళుబోతుతనమే, ఒప్పుకుంటాను.

ఆమె స్క్రీన్ మీద దాని దగ్గర వేలు పెట్టింది. "ముడి ఇక్కడేనా?"

"ఇక్కడే బాగుంటుంది."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. "సరే, ఇలాగే కోస్తా. నెలాఖరుకి గానీ కుదరదులే."

ఆ తర్వాత నాకు ఒకటే ఆలోచన. ఇరవై ఏళ్ళు దాచిన చెక్క. నన్ను నమ్మి రంపం పెడుతుంది. చెబుదామని ఫోన్ తీయడం, మళ్ళీ పెట్టేయడం. పదో రోజు ఇక ఉండబట్టలేక వానలోనే షెడ్డుకి పరిగెత్తాను.

"కోయకు. ఆ ముడి..." అంటూ లోపలికి వెళ్ళి ఆగిపోయాను. షెడ్డు మధ్యలో కుర్చీ ఉంది.

"ఆగలేక ఆ రోజే మొదలుపెట్టా," అంది. "కూర్చో."

"బట్టలు తడిసున్నాయి."

"పర్లేదు కూర్చో."

కూర్చున్నాను. టీ కప్పు చేతికిచ్చింది. రెండు గుక్కలు తాగి, చూసుకోకుండానే ఎడమవైపు పెట్టాను. కప్పు పట్టె మీద కుదురుగా నిలిచింది. అప్పుడు చూసుకున్నాను. నా కుడికాలు మడిచి ఉంది, ఆ వెడల్పు సీటులో హాయిగా పట్టింది.

"మరి... ఆయన?"

"మూడు నెలలు నీ వెనకే నిలబడ్డాను. ఇంకెవరు ఎలా కూర్చుంటారో నాకేం తెలుసు?" నా వంక కాకుండా కుర్చీ వంక చూస్తూ అంది. "నోటితో అడగడం నాకు రాదు. ఇది వచ్చు, ఇదే చేశా. వద్దంటే చెప్పెయ్."

"వద్దని ఎవరన్నారు?" అన్నాను. "కానీ ఆ ముడి నేను కావాలనే అక్కడ పెట్టాను. ఆయనకి గుచ్చుకోవాలని."

"తెలుసు. నీ మొహం చూస్తే తెలియదా? అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది. అప్పటిదాకా నీ మనసులో ఏమీ లేదేమో అనుకున్నా. గుచ్చుకుంటోందా?"

వీపు వెనక్కి ఆన్చాను. ముడి ఎక్కడుందో కూడా తెలియలేదు.

"రెండు రోజులు ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేశాను దాన్ని," అంది.

మేస్త్రిగారు గుమ్మంలో గొడుగు దులుపుతూ మమ్మల్ని చూశారు. "ఒక్క కుర్చీతో ఇల్లెలా నడుస్తుందయ్యా? మా అమ్మాయి నిలబడే ఉండాలా? రెండోది గీయి," అని, గొడుగు ఆరబెట్టే వంకతో అటు వెళ్ళిపోయారు.

"నీ కొలతలు చెప్పు," అన్నాను.

"నావి నువ్వు చెప్పు."

ఆమె కూర్చోగా నేను ఒక్కసారీ చూడలేదు. నా గదిలో ఉన్నది ఒకటే కుర్చీ, అందులో ఎప్పుడూ నేనే. సిగ్గేసి లేవబోయాను.

"కదలకు," అని కప్పు తీసి కింద పెట్టి, ఆ జానెడు పట్టె మీద కూర్చుంది.

"విరుగుతుందేమో."

"విరగదు. చార పొడుగునా వేశావుగా."