సీటు కవరుకు కాజాలు

"కాళ్లు సీటు మీద పెట్టకు రిషీ, కొత్త కవరు మాసిపోతది," అంది గౌతమి.

ఆదివారం మధ్యాహ్నం. నాచారంలో వాళ్ల ఇంటి ముందు నుంచి నాన్న దయాకర్ క్యాబ్ బయలుదేరబోతోంది. పై వాటాలో ఉండే ఛాయాదేవి అమ్మమ్మ మోకాళ్ల నొప్పికి ఏఎస్ రావు నగర్‌లో డాక్టరుకు చూపించుకోవాలి. కాళ్లు చాపుకునే వీలుంటుందని ఆవిడ ముందు కూర్చుంది. ఆవిడ మనవడు ఆరేళ్ల రిషి, గౌతమి వెనక ఎక్కారు.

నిజానికి గౌతమికి అక్కడ పనేమీ లేదు. కొత్త కవరును ఎవరైనా మెచ్చుకుంటే వినాలని వచ్చింది. బట్టల కంపెనీలో కుట్టుపని చేసే అమ్మ సంతోషి, సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని నీలం బట్ట మీద పెద్ద పెద్ద పసుపు పూలు కుట్టింది. పొద్దున దాన్ని సీటుకు తొడిగింది మాత్రం గౌతమే. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఈ కవరు నిజంగానే బాగుంది.

ఒక్కటే చిక్కు. బెల్టు గుచ్చే క్లిప్పులు కవరు కింద బుడిపెల్లా లేచాయి. పూలు వంకరపోయాయి. గౌతమి వాటిని సీటు సందులోకి తోసేసి, కవరు సాపుగా లాగింది. వెనక కూర్చుని బెల్టు పెట్టుకునేదెవరులే అనుకుంది. నాన్న వచ్చి చూసి, భుజం తట్టాడు.

కారు కదిలింది. రిషి పక్కనున్న బెల్టు లాగి పట్టుకుని, సీటంతా తడిమాడు.

"అక్కా, ఇది ఎక్కడ పెట్టాలి? అమ్మ పెట్టుకోమంది."

ఎక్కడో గౌతమికి తెలుసు. చెబితే కవరు ఎత్తాలి. అంత కష్టపడి సర్దిన పూలు మళ్లీ నలిగిపోతాయి.

"దగ్గర్లకే గదా, ఏం గాదు. మంచిగ కూసో," అంది.

రిషి బెల్టు వదిలేశాడు. అది సర్రున వెనక్కి పోయింది.

మల్లాపూర్ దాటాక ముందు పోతున్న షేర్ ఆటో ఉన్నట్టుండి ఆగింది. దయాకర్ గట్టిగా బ్రేకు తొక్కాడు. ముందున్న ఇద్దరినీ బెల్టులు ఆపాయి. గౌతమి తలుపు పిడి పట్టుకుంది. రిషికి పట్టుకునేందుకు ఏమీ దొరకలేదు. సీటు మీంచి జారి, ముందు సీటుకు మూతి కొట్టుకున్నాడు.

దయాకర్ కారు పక్కకు ఆపి, పరుగున వచ్చి వాణ్ణి ఎత్తుకున్నాడు. పెదవి చిట్లి రక్తం వస్తోంది. ఛాయాదేవి నీళ్లతో కడిగి, రుమాలు అదిమిపెట్టింది. పళ్లు గట్టిగానే ఉన్నాయి, భయం లేదంది. దయాకర్ ముఖం మాత్రం పాలిపోయింది.

"బెల్టు జూడకుండ బండి తీసిన. తప్పు నాదేనమ్మా," అన్నాడు.

గౌతమి తేలు కుట్టిన దొంగలా సీటు మూలకు ఒదిగింది. అప్పుడు రిషి వెక్కుతూనే ఆమె వైపు తిరిగాడు.

"అక్కా, రక్తం నీ కవరు మీద పడలేదు. చెయ్యి అడ్డం పెట్టుకున్నా."

గౌతమికి ఏడుపు ఆగలేదు.

"నీ తప్పు గాదు నాన్నా. పూలు ఖరాబైతయని క్లిప్పులు నేనే లోపటికి దోసిన. రిషి అడిగినా చెప్పలే."

దయాకర్ తిట్టలేదు. రిషి వీపు నిమురుతూ నిలబడ్డాడు. గౌతమికి అదే కష్టంగా ఉంది. గబగబా కవరు ఎత్తి, సందులో చెయ్యి పెట్టి క్లిప్పులు బయటికి లాగింది. పూలు నలిగాయి. నలగనీ అనుకుంది. ముందు రిషికి బెల్టు పెట్టి, తర్వాత తను పెట్టుకుంది.

సాయంత్రం కవరు విప్పుకొచ్చి అమ్మ ముందు వేసింది. క్లిప్పులు వచ్చేచోట రంధ్రాలు కావాలంది. కొత్తదానికి బొక్కలేందని సంతోషి ముందు కోప్పడింది. జరిగిందంతా విన్నాక కత్తెర తెచ్చి కూతురి చేతికే ఇచ్చింది. రంధ్రాలు పెట్టాల్సినచోట సరిగ్గా పెద్ద పూలే ఉన్నాయి. గౌతమి ఒక్క క్షణం ఆగి, కత్తిరించింది. అంచులు పిగిలిపోకుండా సంతోషి చొక్కాకు కుట్టినట్టే కాజాలు కుట్టింది.

మర్నాడు పిల్లలిద్దరినీ బడి దగ్గర దించుతానన్నాడు దయాకర్. వాచిన పెదవితో రిషి వచ్చాడు. పూల నడుమ నుంచి తొంగిచూస్తున్న క్లిప్పులు చూసి నవ్వి, ఎగబాకి సీటెక్కాడు. బెల్టు టక్కుమని పడింది. వాడి బూటు మట్టి మాత్రం ఒక పువ్వు నిండా అంటుకుంది.

గౌతమి ఆ మరక చూసింది. చూసి, రిషి బెల్టును ఓసారి లాగి చూసింది.

"ఇగ పోదాం నాన్నా," అంది, తన బెల్టు అందుకుంటూ.