సారవ్వ తిట్టు

“నా నోరే ఆయన్ని మింగుతున్నదా బిడ్డా?”

గోదావరిఖనిలో ప్రైవేటు పరిశోధకుడు వేణుమాధవ్ ఇంటికి వచ్చిన సారవ్వ అడిగింది. పక్క క్వార్టర్ రాజం స్కూటరుతో ఆమె చిక్కుడు పందిరిని కూల్చాడు. “నీ నోట్ల నెత్తురువడ” అని ఆమె తిట్టింది. మూడోనాడు అతడు నిజంగానే నెత్తురు కక్కుకుని దవాఖానలో చేరాడు. చేతబడేనని ఆ క్వార్టర్ల లైనంతా తేల్చి, ఆదివారంలోగా ఆమెను ఇల్లు విడిచిపొమ్మంది.

“తిట్లకు మనుషులు చస్తే బొగ్గుబాయిల మాతోని పని జేపిచ్చిన ఓవర్‌మన్ ఎప్పుడో పోవాలె సార్” అన్నాడు సహాయకుడు నౌమాన్. వేణుమాధవ్ నవ్వలేదు. ముసలామె కూడా ఆ నింద నమ్ముతోందని గ్రహించాడు.

రాజం ఇంట్లో అతని భార్య జమునను ప్రశ్నించాడు.

“తాగుతాడా?”

“కల్లు వాసనే పడది.”

“అంతకుముందు జబ్బేమైనా?”

“పోయిన వానకాలం జ్వరమొచ్చింది. ప్లేట్‌లెట్లు తగ్గినయ్, డెంగీ అన్నరు. బొప్పాయాకు రసం తాపిన. జ్వరం పోయింది గని, నెల తర్వాత చూసినా అవి పెరగలే. ఎడమ దిక్కు కడుపు బరువనేటోడు.”

గోడమీది ఫోటోలో బొగ్గు ముఖాలతో నలుగురు నదిలో మెడలోతున నిలబడి నవ్వుతున్నారు.

“గోదారేనా?”

“కాదు, మొజాంబిక్. ఆడి గనిల నాలుగేండ్లు చేసిండు.”

వేణుమాధవ్ ఫోటో ముందు చాలాసేపు నిలబడిపోయాడు. ఒకప్పుడు ఇక్కడి గనుల్లో షిఫ్టు దిగిన వాళ్లంతా గోదావరి రేవుకే వచ్చేవారు. ఒకే సబ్బు చేతులు మారేది. ఒంటిమీది బొగ్గు నల్లటి పాయలై నీళ్లలో కలిసేది. ఇప్పుడు ఆ రేవులో ఎవరూ దిగరు.

అక్కడి నుంచి నేరుగా దవాఖానలో రాజాన్ని చూస్తున్న డాక్టరు దగ్గరకు వెళ్లాడు.

ఆదివారం లైనంతా రాజం వాకిట్లో చేరింది, సారవ్వ కూడా వచ్చింది. ఇంటికి తిరిగొచ్చిన రాజం కుర్చీలో ఉన్నాడు.

“నేరస్థుడు ఈ లైనులో లేడు,” అన్నాడు వేణుమాధవ్. “జ్వరంతో పడిపోయిన ప్లేట్‌లెట్లు జ్వరం తగ్గాక పెరగాలి. పెరగలేదు, కడుపులో ఎడమవైపు బరువూ ఉందంటే అక్కడ ఉబ్బిన ప్లీహం వాటిని దాచుకుంటోంది. తాగుడు లేదు. కాలేయం పనితీరు చెప్పే రక్తపరీక్షలూ దాదాపు మామూలే. అంటే కాలేయం చెడలేదు, దానిలోకి రక్తం వెళ్లే దారి పూడింది. ఆగిన రక్తం అన్నవాహికలోని సిరలను ఉబ్బించి పగలగొట్టింది.”

“పూడ్చిందెవలు?” అంది జమున.

“మొజాంబిక్ నదిలోని నత్తల నుంచి వచ్చే పురుగు. నీళ్లలో దిగితే చర్మంలోంచి దూరుతుంది. దాని గుడ్లు ఏళ్ల తరబడి కాలేయంలో పేరుకుంటాయి. ఆ పురుగు కోసం చేసిన రక్తపరీక్ష అనుమానం కలిగించింది. డాక్టరుగారికి మలపరీక్షలో గుడ్లే దొరికాయి. ఇక మందుంది. కానీ జబ్బు నిరుటిది, తిట్టు మొన్నటిది. కారణానికి ముందు కార్యం పుట్టదు.”

రాజం తల వంచుకున్నాడు. “డ్యూటీ దిగినంక ఏటికి పోవుడు అలవాటు సార్. పొద్దుగూకంగ ఆ నీళ్లు అచ్చం మన గోదారే.”

జమున లేచి వాకిటి పక్కనే పడివున్న సారవ్వ పందిరి గుంజలు నిలబెట్టింది. కుర్చీలోంచే రాజం తాడుకు ముడివేశాడు, వంకరగా.

“నీ నోట్ల...” సారవ్వ నాలుక కరుచుకుంది.

“ఆగినవేంది అవ్వా?” అన్నాడు రాజం.

“మన్నువడ. ఆ ముడి ఇప్పి మల్ల కట్టు.”